వినోబా నడిచే ఎందుకు వెళ్లారు? భూదానం నేర్పే దూరం పాఠం

ఎథిక్స్ పేపర్ సిలబస్‌లో ‘సామాజిక ప్రభావం, ఒప్పించడం’ అనే అంశం ఉంది. మనలో చాలామంది దాన్ని నిర్వచనాలతో సరిపెట్టేస్తాం. జీఎస్-1లో చదివే భూదానోద్యమాన్ని దీనికి ఉదాహరణగా రాస్తే ఒకే కథ రెండు పేపర్లకూ పనికొస్తుంది.

ముందు సిద్ధాంతం చూద్దాం. ఇతరుల ప్రభావం మనపై ఎంత ఉంటుందో మూడు అంశాలు నిర్ణయిస్తాయని అమెరికన్ మనస్తత్వవేత్త బిబ్ లాటనే 1981లో చెప్పారు. అవి: వాళ్ల స్థాయి, మనకు ఎంత దగ్గరగా ఉన్నారు, ఎంతమంది ఉన్నారు. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. దీపానికి దూరం జరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది కదా!

ఇప్పుడు 1951కి వద్దాం. తెలంగాణలో సాయుధ రైతాంగ పోరాటం ఇంకా ముగియలేదు. వార్ధా దగ్గరి పవనార్ నుంచి హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో జరిగే సర్వోదయ సమ్మేళనానికి వినోబా భావే నడిచే వచ్చారు. తర్వాత పల్లెల బాట పట్టారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలని అడిగాయి. ఆయన ఆ మాటను అక్కడే గ్రామస్తుల ముందు పెట్టారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు.

లాటనే చెప్పిన మూడూ ఇక్కడ కనిపిస్తాయి: వినోబాకున్న గౌరవం, ఎదుటే ఉన్న మనిషి, చుట్టూ ఊరి జనం. అయితే అంతా ఎదురుపడటం మహిమే అని రాయకూడదు. సాయుధ పోరాటం భూస్వాములపై తెచ్చిన ఒత్తిడిని కూడా ప్రస్తావించాలి.

మరి బలహీనత ఎక్కడ? ఉద్యమ లక్ష్యం 5 కోట్ల ఎకరాలు. దేశవ్యాప్తంగా వచ్చినవి 40 లక్షల పైచిలుకు. అందులోనూ చాలా భూమి సాగుకు పనికిరానిది, లేదా వివాదాల్లో ఉన్నది. చాలా వాగ్దానాలు పేదల చేతికి పట్టాలుగా చేరలేదు. వినోబా పక్క ఊరికి వెళ్లిపోయాక, ఇచ్చిన మాటను గుర్తుచేసే మనిషి ఊళ్లో లేడు. భూమి బదిలీకి రికార్డులు, సర్వే, చట్టం కావాలి. ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం 1965లో గానీ రాలేదు.

ముగింపులో ఈ మాట రాయొచ్చు: ఒప్పించడానికి అధికారి ఊరికి వెళ్లాలి. కానీ ఆయన జీపు ఊరు దాటాక కూడా పని జరగాలంటే, పేదవాడి చేతిలో పట్టా ఉండాలి.