గాయమునకు కట్టు

తెగిన చర్మమును కలుపునది మందు కాదు, దేహమే. ఆ పనికి అడ్డము రాకుండుటయే కట్టు చేయదగిన ముఖ్యోపకారము. ఇంత చిన్న సంగతి గ్రహించుటకు మనుష్యజాతికి వేలయేండ్లు పట్టినది.

1537వ సంవత్సరమున ఫ్రెంచి సేనతో ఇటలీకి పోయిన శస్త్రవైద్యులలో అంబ్రోయిజ్ పారే యను యువకు డొక డుండెను. తుపాకిగుండు గాయము విషపూరితమనియు, సలసల కాగిన నూనె పోసి యా విషమును హరింపవలెననియు నాటి గ్రంథములు శాసించుచుండెను. ఒకనాడు నూనె యైపోయెను. గత్యంతరము లేక పారే గ్రుడ్డు పచ్చసొన, గులాబితైలము, టర్పెంటైను కలిపి మిగిలినవారికి పట్టించెను. వారు విషమెక్కి చత్తురేమో యని యా రాత్రి యతనికి నిద్రలేదు. వేకువనే పోయి చూడగా, లేపనము పొందినవారు అంతగా బాధలేక నిద్రించియుండిరి. నూనె పోయించుకొన్నవారు జ్వరముతో, వాపుతో మూల్గుచుండిరి. ఈ వృత్తాంతమును అతడు 1545లో లాటినున గాక తన దేశభాషలో ప్రకటించెను. అదియు నొక సంస్కారమేయని మన పాఠకులకు వేరుగ చెప్పనక్కఱలేదు.

1865లో గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు, బండిచక్రము క్రింద కాలు విరిగిన పదునొకండేండ్ల బాలుని గాయమునకు కార్బాలికామ్లములో తడిపిన గుడ్డ కట్టెను. చీము పట్టక గాయము మానెను. సూక్ష్మక్రిములను దరిజేరనీయరాదను మాట అటుపిమ్మట లోకమునకు పట్టుబడెను. గాని గాయమును ఎండనీయవలెనను నమ్మకము మాత్రము కదలలేదు. పక్కు కట్టినచో మానుచున్నదనియే వైద్యులును గృహిణులును తలచుచుండిరి.

పారేకు యాదృచ్ఛికముగ దొరకిన పోలికను జార్జి వింటరను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1962లో బుద్ధిపూర్వకముగ కల్పించెను. పందుల చర్మముపై లోతు తక్కువైన సమాన గాయములు చేసి, కొన్నిటిని గాలికి విడిచి, కొన్నిటిపై పలుచని పాలిథీను పొర పఱచెను. పొర క్రిందివి రమారమి రెట్టింపు వేగముతో క్రొత్త చర్మము కప్పుకొనెను. గాయపు టంచులనుండి బయలుదేరు చర్మకణములు తడిచోటున సులభముగ ప్రాకును. పక్కు గట్టినచోట దాని క్రింద తడి యున్న లోతువఱకు దిగి, త్రోవ తొలుచుకొనుచు పోవలెను. మరుసటి సంవత్సరము మనుష్యులయందును ఇట్లే కనబడెను.

మన యిండ్లలో నేటికిని పిల్లవాడు మోకాలు చెక్కుకొని వచ్చినచో, "గాలి తగులనిమ్ము, అదే యెండును" అందురు. కొందఱు కాఫీపొడి, కొందఱు వంటింటి పసుపు, కొందఱు పొయ్యిలోని బూడిద యద్దుదురు. సుశ్రుతుడు పదునాలుగు తీరుల కట్లు చెప్పెనని సభలలో గర్వించి, యింటికి వచ్చి బూడిద యద్దుట వింతయే. బూడిదతో మట్టియు, మట్టితో ధనుర్వాతబీజమును గాయమున చేరవచ్చును.

తడి యనగా నీరు కారుచుండుట గాదు. మంచినీటితో మట్టి పోవునట్లు కడిగి, పలుచగా వాజిలీను పూసి, అంటుకొనని కట్టు కట్టిన చాలును. లోతైన గాయము, కుక్క కఱచినది, మేకు దిగినది, ఎఱ్ఱదనము వ్యాపించునది వైద్యునికే చూపవలెను. పొడిగుడ్డ కట్టి, మానెనో లేదోయని దినదినము పీకి చూచుట మఱియొక యపకారము. గుడ్డతోపాటు రాత్రి పుట్టిన లేతచర్మమును ఊడివచ్చును. పిల్లవాడు ఏడ్చుట ఊరక కాదు.