కాజువో మియాగావా

కాజువో మియాగావా (25 ఫిబ్రవరి 1908 – 7 ఆగస్టు 1999) జపాన్ సినిమా ఛాయాగ్రాహకుడు. క్యోటో నగరంలో పుట్టారు. వృత్తిజీవితంలో చాలా భాగం ఆ ఊరి స్టూడియోల్లోనే గడిపారు. వందకు పైగా చిత్రాలకు పనిచేశారు. అకిరా కురొసావా 'రషోమాన్', కెంజి మిజోగుచి 'ఉగెత్సు', యసుజిరో ఓజు 'ఉకిగుసా', కొన్ ఇచికావా 'ఒతోతో' ఒకదానితో ఒకటి ఏ పోలికా లేని సినిమాలు. నాలుగింటికీ కెమెరామన్ ఆయనే. యుద్ధానంతరం జపాన్ సినిమాను ప్రపంచానికి పరిచయం చేసింది ఎవరని అడిగితే దర్శకుల పేర్లు చెప్పి ఊరుకోవడం రివాజు. వెనిస్ చిత్రోత్సవంలో 1951లో 'రషోమాన్'కు, 1953లో 'ఉగెత్సు'కు, 1954లో 'సాన్షో దాయు'కు బహుమతులు వచ్చాయి. ఆ మూడింటినీ చిత్రీకరించిన మనిషికి దర్శకులతో సమానమైన చోటు ఇవ్వకపోతే ఆ చరిత్ర సగమే అవుతుంది.

కుంచె, ల్యాబ్

మియాగావా చిన్నప్పుడే సిరాచిత్రకళ నేర్చుకున్నారు. మసి, జిగురు కలిపి చేసిన కణికను రాతి పలక మీద నీళ్లతో అరగదీసి, ఆ ఒక్క నలుపుతోనే కొండలూ పొగమంచూ నీళ్లూ చిత్రించే విద్య అది. నీరు ఎంత కలిపితే అంత పలచన. కాగితాన్ని తాకకుండా వదిలేస్తే తెలుపు. ఆ రెండు కొసల మధ్య ఉన్న బూడిద ఛాయలన్నీ చిత్రకారుడి చేతిలోనివే. తన కెమెరా పనికి ఈ విద్యే పునాది అని ఆయన పెద్దయ్యాక పలుమార్లు చెప్పుకున్నారు. సినిమాలు చూస్తే ఆ మాట అక్షరాలా నిజమని తెలుస్తుంది. పూర్తి నలుపునూ పూర్తి తెలుపునూ ఆయన పొదుపుగా వాడతారు. కథంతా మధ్య ఛాయల్లో నడుస్తుంది.

రెండో బడి ఫిల్ము ల్యాబ్. 1926లో, పద్దెనిమిదేళ్ల వయసులో, నిక్కత్సు సంస్థ క్యోటో స్టూడియోలో ల్యాబ్ పనివాడిగా చేరారు. కొన్నేళ్ల తరువాత కెమెరా విభాగానికి మారి, సహాయకుడిగా ఫోకస్ చూసే పని చేశారు. ఫిల్మును రసాయనాల్లో కడిగిన చేతులతోనే తరువాత కెమెరా పట్టుకున్నారు. ఏ వెలుగు పడితే నెగటివ్ మీద ఎంత చిక్కదనం వస్తుందో, దాన్ని కడిగేటప్పుడు ఎంత మార్చవచ్చో ఆయనకు అనుభవంతో తెలుసు. ముప్ఫై నాలుగేళ్ల తరువాత 'ఒతోతో' కోసం చేసిన ప్రయోగానికి మూలం ఇక్కడే ఉంది.

1935లో 'ఒచియో గాసా' చిత్రంతో ఛాయాగ్రాహకుడి హోదా దక్కింది. ఆ కాలంలో క్యోటో స్టూడియోలు కత్తి పట్టిన వీరుల చారిత్రక చిత్రాలను వరసపెట్టి తీసేవి. మసహిరో మకినో లాంటి దర్శకులు రోజుల వ్యవధిలో సినిమా పూర్తి చేసేవారు. మకినో తీసిన పాటల చిత్రం 'ఒషిదోరి ఉతగస్సెన్' (1939) అలా హడావిడిగా పుట్టిందే, అయినా ఇప్పటికీ హాయిగా నడుస్తుంది. అందులో పాడుతూ కనిపించే నటుల్లో తకాషి షిమురా ఒకరు. ఆయనతో ఉన్న పాత పరిచయం మియాగావాకు పదకొండేళ్ల తరువాత ఒక ముఖ్యమైన వేళ అక్కరకు వచ్చింది.

రిక్షావాలా కథ

1942లో యుద్ధకాలపు ప్రభుత్వం సినిమా సంస్థలను విలీనం చేయించడంతో దైయేయి సంస్థ ఏర్పడింది. మియాగావా అందులోకి వచ్చారు. మరుసటి ఏడాది హిరోషి ఇనగాకి దర్శకత్వంలో 'ముహోమాత్సు నో ఇస్షో' తీశారు. కొకురా పట్టణంలో రిక్షా లాగే మొరటు మనిషి మాత్సుగోరో, చనిపోయిన ఒక సైనికాధికారి కొడుకును కన్నబిడ్డలా చూసుకుంటాడు. ఆ పిల్లవాడి తల్లి మీద పెంచుకున్న ప్రేమను మనసులోనే దాచుకుని చనిపోతాడు. సైనికాధికారి భార్యను రిక్షావాలా ప్రేమించడం సెన్సారు అధికారులకు తప్పుగా తోచింది. ఆ ప్రేమ బయటపడే దృశ్యాలను కోసేశారు. యుద్ధం ముగిశాక అమెరికా ఆక్రమణ అధికారులు వచ్చి, రష్యాపై గెలుపును పండగ చేసుకునే ఘట్టాల వంటివాటిని తీసేశారు. రెండు ప్రభుత్వాలు రెండు కారణాలతో ఒకే సినిమాను నరికాయి.

అయినా ఆ చిత్రం నిలబడిందంటే అందులో కెమెరా పాలు చాలా ఉంది. తిరిగే రిక్షా చక్రం సినిమా పొడుగునా కాలాన్ని నడిపిస్తుంది. చివర్లో మాత్సుగోరో జీవితమంతా ఒకదాని మీద ఒకటి పేరుకున్న జ్ఞాపకాలుగా తెర మీద మెదులుతుంది. దీన్ని ల్యాబ్‌లో కలపలేదు. ఒకే ఫిల్మును కెమెరాలో వెనక్కి తిప్పి, మళ్లీ మళ్లీ ఎక్స్‌పోజ్ చేస్తూ తీశారు. ఏ బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ కరగాలో ముందే లెక్కవేసి రాసుకోవాలి. ఒక్క చోట తప్పితే అప్పటిదాకా తీసినదంతా వృథా. 1958లో ఇనగాకి అదే కథను నటుడు తోషిరో మిఫునేతో రంగుల్లో మళ్లీ తీసి వెనిస్‌లో స్వర్ణసింహం గెలిచారు. సెన్సారు కత్తిరించిన పాత నలుపు తెలుపు చిత్రంలోనే ఎక్కువ ప్రాణం ఉందన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అడవిలో ఎండ

'రషోమాన్' (1950) దైయేయి నిర్మించిన చిత్రం. కురొసావాతో మియాగావాకు ఇదే మొదటి పని. ఒక అడవి, ఒక హత్య, పొంతన కుదరని సాక్ష్యాలు. కురొసావాకు కావలసింది మనిషి మనసు దారి తప్పే అడవి. నారాలోని పాత అడవిలోనూ, క్యోటో దగ్గరి కోమ్యోజి ఆలయ వనంలోనూ చిత్రీకరణ సాగింది. నారాలో చెట్ల మీద నుంచి జలగలు రాలేవనీ, బృందమంతా ఒంటికి ఉప్పు రాసుకుని పనిచేసిందనీ కురొసావా తన ఆత్మకథలో రాశారు.

దట్టమైన అడవిలో వెలుతురు చాలదు. మియాగావా పెద్ద అద్దాలు తెప్పించి, సూర్యకాంతిని ఆకుల సందుల్లోంచి నేరుగా నటుల మీదికి మళ్లించారు. వెండి కాగితం అతికిన మామూలు రిఫ్లెక్టర్ ఇచ్చే మెత్తని వెలుగు కంటే అద్దం ఇచ్చేది చాలా పదునైనది. ముఖాల మీద ఎండ మచ్చలూ ఆకు నీడలూ అంత గట్టిగా కదలడానికి కారణం అదే. ఆ మచ్చల వల్ల ఏ ముఖమూ పూర్తిగా కనిపించదు. ఎవరి మాట నమ్మాలో తేలని కథకు ఇంతకంటే తగిన దీపాలంకరణ ఉండదు.

కెమెరాను సూర్యుడి వైపే తిప్పడం ఆ రోజుల్లో నిషిద్ధం లాంటిది. కిరణాలు లెన్స్ గుండా పడి ఫిల్మును కాల్చేస్తాయన్న భయం ఉండేది. మియాగావా కొమ్మల మధ్య మెరిసే సూర్యుడినే చూపించారు. కట్టెలు కొట్టేవాడు గొడ్డలి భుజాన వేసుకుని అడవిలోకి నడిచే ఘట్టం ఇంకా గొప్పది. కెమెరా అతడి ముందు నడుస్తుంది, వెనక నడుస్తుంది, పక్కన ఆకుల వెనక నుంచి తొంగిచూస్తుంది. మాటలు లేవు. ఆ కొద్ది నిమిషాల్లో ప్రేక్షకుడికి దిక్కు తెలియకుండా పోతుంది. శిథిలమైన ద్వారం దగ్గర వర్షం దృశ్యాల్లో మామూలు నీళ్లు బూడిద రంగు ఆకాశం ముందు తెర మీద ఆనవని, నీటిలో నల్ల సిరా కలిపి కురిపించారు. చిన్నప్పటి సిరా అలా వానగా పడింది.

చిత్రీకరణ సమయంలో కురొసావా నోరు తెరిచి మెచ్చుకోలేదు. తన పని దర్శకుడికి నచ్చిందో లేదోనని మియాగావా లోలోపల మథనపడుతున్నారని తకాషి షిమురా వెళ్లి కురొసావాకు చెప్పారు. అది విన్నాక కురొసావా గబగబా ఆ పనికి నూటికి నూరు వేశారు. ఈ సంగతిని ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నారు. 1951లో వెనిస్‌లో స్వర్ణసింహం రావడంతో ప్రపంచం జపాన్ వైపు తిరిగింది. మరుసటి ఏడాది కలకత్తాలో 'రషోమాన్' చూసిన సత్యజిత్ రాయ్ వరసగా మూడు రోజులు మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు.

మిజోగుచితో ఎనిమిది చిత్రాలు

1951లో 'ఓయూ సామా'తో మొదలై 1956లో 'అకాసెన్ చితాయ్'తో ముగిసిన మిజోగుచి సాహచర్యం మియాగావా జీవితంలో అన్నిటికంటే సారవంతమైన కాలం. మిజోగుచి షాట్‌ను ముక్కలు చెయ్యడానికి ఇష్టపడరు. ఒక దృశ్యం మొదటి నుంచి చివరిదాకా తెగకుండా నడవాలి. నటులను గంటల తరబడి సాధన చేయించేవారు. కెమెరా ఎక్కడ ఉండాలో, ఎలా కదలాలో మాత్రం ఎక్కువగా మియాగావాకే వదిలేవారు. 'ఉగెత్సు' (1953) విషయంలో ఆయన కోరింది ఒకటే. చుట్ట విప్పుతూ పోతే ఒక బొమ్మలోంచి మరో బొమ్మ వచ్చే చిత్రపటంలా సినిమా సాగాలి. అందుకోసం మియాగావా సినిమాలో చాలా భాగాన్ని క్రేన్ మీది నుంచే తీశారు. కెమెరా దాదాపు ఎప్పుడూ నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది, కదలిక ఉన్నట్టే తెలియదు.

చివరి ఘట్టం ఒక్కటి చాలు. కుమ్మరి గెంజురో చాన్నాళ్లకు ఇంటికి వస్తాడు. ఇల్లు చీకటి, పొయ్యి ఆరిపోయి ఉంది. భార్యను పిలుస్తూ వెనక తలుపు గుండా బయటికి వెళ్తాడు. కెమెరా లోపలే ఉండి, కిటికీల అవతల అతడు ఇల్లు చుట్టి రావడాన్ని అనుసరిస్తూ తిరుగుతుంది. మళ్లీ ముందు వాకిలికి వచ్చేసరికి అదే గదిలో పొయ్యి వెలుగుతూ ఉంటుంది, భార్య వంట చేస్తూ కూర్చుని ఉంటుంది. షాట్ ఎక్కడా తెగలేదు, ఏ మాయా ట్రిక్కూ లేదు. ఆమె ఎప్పుడో చనిపోయిందని తరువాత తెలుస్తుంది. కెమెరా మొహం తిప్పుకున్న ఆ కొద్ది క్షణాల్లో ఆమెనూ మంటనూ అక్కడ అమర్చారన్నది కిటుకు. అది తెలిసి చూసినా గుండె జల్లుమంటుంది.

'సాన్షో దాయు', 'చికమాత్సు మోనోగతారి' రెండూ 1954లోనే వచ్చాయి. మొదటి దానిలో అంజు అనే యువతి నీటిలోకి నడిచిపోయే దృశ్యాన్ని ఏ ఆర్భాటమూ లేకుండా తీశారు. చెట్ల వెనక సరస్సు, అందులోకి దిగుతున్న చిన్న ఆకారం, ఆపైన నీటి మీద వలయాలు. 1956 ఆగస్టులో మిజోగుచి మరణించారు.

ఒక నటి ముఖం

మియాగావా ఎంతటి పనివాడో తెలుసుకోవడానికి సులువైన దారి ఒకటుంది. నటి మచికో క్యోను సినిమా తరువాత సినిమాలో చూడడం. 'రషోమాన్'లో ఆకు నీడలు ఆమె ముఖాన్ని ముక్కలు చేస్తాయి. 'ఉగెత్సు'లో ఆమె వకాసా అనే ప్రేత యువరాణి. నుదుటి మీద చిత్రించిన కనుబొమలతో, నో నాటకపు ముసుగు లాంటి నిశ్చల ముఖంతో చీకట్లో తేలి వస్తుంది. 'ఉకిగుసా' (1959)లో నాటకాల కంపెనీ నటి. కుండపోత వానలో సన్నని వీధికి అటు ఆమె, ఇటు కంపెనీ యజమాని నిలబడి ఒకరినొకరు తిట్టుకుంటారు. ఆమె చేతిలోని ఎర్ర గొడుగు ఆ బూడిదరంగు వానలో మండుతుంది.

'ఉకిగుసా' ఓజు దైయేయి కోసం తీసిన ఏకైక చిత్రం. ఓజు కెమెరా కదలదు, నేలకు దగ్గరగా కూర్చుని చూస్తుంది. అప్పటిదాకా క్రేన్ల మీద ఊరేగిన మియాగావా ఇక్కడ కదలిక మొత్తం వదులుకున్నారు. దర్శకుడిని బట్టి తన చూపును ఇంతగా మార్చుకోగలగడం బలహీనత అనుకునేవాళ్లు ఉండవచ్చు. ఈ చిత్రంలోని వాననూ నీడనూ చూశాక అలా అనుకోవడం కష్టం.

వెండిని మిగిల్చిన సినిమా

ఇచికావాతో పని సాంకేతికంగా అన్నిటికంటే సాహసమైనది. రచయిత మిషిమా నవల ఆధారంగా వచ్చిన 'ఎంజో' (1958) బంగారు ఆలయం తగలబడే కథ. దాన్ని నలుపు తెలుపుల్లో, వెడల్పు తెర మీద తీశారు. బంగారం రంగు లేకుండానే అగ్నికణాలు రాత్రి ఆకాశంలోకి లేచే దృశ్యం కళ్లు చెదరగొడుతుంది.

'ఒతోతో' (1960) అంటే తమ్ముడు. తైషో చక్రవర్తి కాలపు కుటుంబ కథ. గడిచిపోయిన కాలానికి మెరిసే రంగులు నప్పవని మియాగావాకు, ఇచికావాకు అనిపించింది. రంగుల ఫిల్మును కడిగేటప్పుడు రంగులతో పాటు వెండి కణాలతో ఒక నలుపు తెలుపు బొమ్మ కూడా ఏర్పడుతుంది. తరువాతి దశలో బ్లీచ్ చేసి ఆ వెండిని తొలగిస్తారు. మియాగావా ల్యాబ్ వారితో కలిసి ఆ దశను దాటవేయించి, వెండిని ఉండనిచ్చారు. రంగులు వెలిశాయి, నీడలు చిక్కబడ్డాయి. రంగుల సినిమాలోకి సిరాచిత్రం దిగివచ్చింది. జపాన్‌లో దీన్ని 'గిన్ నొకోషి' అంటారు. దశాబ్దాల తరువాత హాలీవుడ్‌లో బ్లీచ్ బైపాస్ పేరుతో ఈ పద్ధతి విస్తరించింది. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ తీసిన 'నైన్టీన్ ఎయిటీ ఫోర్'లో, ఆ తరువాత 'సెవెన్' (1995) ప్రింట్లలో కనిపించే ఆ మసక గంభీరత ఈ కోవలోనిదే.

1961లో 'యోజింబో'తో మళ్లీ కురొసావా. గాలి దుమారం రేగే వీధి, టెలిఫోటో లెన్సులు, దగ్గరా దూరమూ రెండూ స్పష్టంగా నిలిచే ఫోకస్. రెండో కెమెరా పట్టిన తకావో సైతో తరువాతి కాలంలో కురొసావాకు ప్రధాన ఛాయాగ్రాహకుడయ్యారు. ఇచికావా 'టోక్యో ఒలింపియాడ్' (1965)కు పనిచేసిన పెద్ద కెమెరా బృందంలో మియాగావా ముఖ్యులు. అంధ కత్తివీరుడు జతోయిచి చిత్రాలు కొన్నింటిని కూడా ఈ దశాబ్దంలోనే తీశారు.

చివరి దశ

1971లో దైయేయి దివాలా తీసింది. స్టూడియో జీతగాడిగా బతికిన తరం అలా చెదిరిపోయింది. మియాగావా మసహిరో షినోదాతో 'హనారే గోజె ఒరిన్' (1977) వంటి చిత్రాలు చేశారు. ఊరూరా తిరిగి పాడుకునే అంధ గాయని కథ అది. మంచూ సముద్రతీరాలూ నిండిన ఆ చిత్రం రంగుల్లో ఆయన తీసిన గొప్ప వాటిలో ఒకటి. కురొసావా 'కాగెముషా' (1980)కు మొదట ఛాయాగ్రాహకుడు ఆయనే. కంటిచూపు మందగించడంతో మధ్యలో తప్పుకోవలసి వచ్చింది. తకావో సైతో, షోజి ఉయెదా ఆ పని పూర్తి చేశారు. అయినా అంతటితో ఆగలేదు. షినోదాతో 1980లలో మరికొన్ని చిత్రాలు తీశారు. ఒసాకా కళల విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు పాఠాలు చెప్పారు.

2018లో న్యూయార్క్‌లో ఆధునిక కళల మ్యూజియం, జపాన్ సొసైటీ కలిసి ఆయన చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శనలు జరిపాయి. దైయేయి చిత్రాల హక్కులున్న కదొకావా సంస్థ వాటిని ఒక్కొక్కటిగా పునరుద్ధరిస్తోంది. 'ఉగెత్సు'ను మార్టిన్ స్కొర్సెసీ స్థాపించిన ఫిల్మ్ ఫౌండేషన్‌తో కలిసి బాగుచేసినప్పుడు, బూడిద ఛాయలు ఏ మెట్టున ఉండాలో చూసుకునే బాధ్యతను మియాగావాకు చాలా ఏళ్లు సహాయకుడిగా ఉన్న మసహిరో మియజిమాకు అప్పగించారు.