తెగిన స్నాయువు, తగిన దారము



మా గోదావరిఖనిలో గనిపనివాని చేయి తెగి వ్రేలు వంగకుండినచో "నరము తెగినది" అందురు. మన తెలుగున నరమను శబ్దము మిక్కిలి ఉదారమైనది. నెత్తురు పారు నాళమును నరమే, స్పర్శను దెలుపు తంతువును నరమే, కండను ఎముకకు బంధించి వ్రేలిని వంచు తెల్లని పగ్గమును నరమే. ఈ మూడవదానినే స్నాయువందురు. వంగభాషలో నేడు స్నాయువనగా స్పర్శతంతువు! ప్రాచీన గ్రీకుభాషలోను ఒక్క శబ్దమే రెంటికిని చెల్లెను.

ఈ చిక్కు నిఘంటువులతోనే ముగిసినచో బాగుండెడిది. క్రీ. శ. 2వ శతాబ్దమునాటి గాలెనను వైద్యుడు స్నాయువున సూది గ్రుచ్చిన ఈడ్పులు వచ్చునని బోధించెను. ఆ మాట శిరోధార్యమై, పాశ్చాత్యులు శతాబ్దములపాటు దానిని కుట్ట జంకిరి. కుట్టవలెనని చెప్పిన తొలివారిలో 1037లో గతించిన పారసీక వైద్యుడు ఇబ్న్ సీనా ప్రసిద్ధుడు.

మన సుశ్రుతుడు సూత్రస్థానము 25వ అధ్యాయమున గాయములు కుట్టుటకు సన్నని నూలు, అశ్మంతకపు నార, జనుము, అవిసెనార, జంతుస్నాయువు, వెండ్రుక, చాగనార, తిప్పతీగనార చెప్పినాడు. పలుచని మాంసమునకును సంధులకును రెండంగుళముల గుండ్రని సూది, దట్టమైన మాంసమునకు మూడంగుళముల ముక్కోణపు సూది, మర్మస్థానములకు విల్లువలె వంగినది. కుట్లు దూరమైనను, మరీ దగ్గరైనను దోషమే. ఇది తెగిన స్నాయువును గూర్చియే చెప్పినదని నేను వాదింపను. చోటునుబట్టి సాధనము మారవలెనను దృష్టి మాత్రము అందు స్పష్టము.

1860 దశకపు తుదిని లిస్టరు దొర గొఱ్ఱెప్రేగు దారమును కార్బాలికామ్లముతో శుద్ధిచేసి వాడెను. శరీరమే దానిని జీర్ణించుకొనును. మెత్తని కండకు అది మేలు. స్నాయువునకు రక్తప్రసారము స్వల్పము గనుక అది మెల్లగా అతుకుకొనును. తొలి మూడు వారములు బరువంతయు దారముదే. ప్రేగుదారము అంతలోనే బలముడిగిపోవును. అందుచే కరగని దారము కావలసివచ్చినది. అమెరికాలో బన్నెలు ఉక్కుతీగను వాడెను. అది బలిష్ఠమే గాని మెలిపడును, ముడివేయుట కష్టము. నేడు పాలియెస్టరు అల్లికదారము, పాలీప్రొపిలీను ఒంటిపోగు ఎక్కువగా వాడుకలోనున్నవి. మొదటిది ముడిని గట్టిగా పట్టును. రెండవది నున్నగా సాగిపోవును గాని ముడి జారకుండ ఎక్కువ మారులు వేయవలెను. తెగినచోటును దాటు పోగులు రెండింటికంటె నాలుగైన బలము హెచ్చు. ముడులు లావైనచో స్నాయువు తన ఒరలో కదలలేదు.

ఆ ఒర మిక్కిలి ఇఱుకైన వ్రేలి మొదట వెంటనే కుట్టరాదని చాలకాలము నిషేధముండెను. 1967లో అమెరికాలో క్లైనర్టు బృందము తమ ఫలితములను ప్రకటించిన పిమ్మట అది సడలెను.

నా యొద్ద చదివిన పిల్లల తండ్రులలో చర్మము చక్కగా మానినను వ్రేలు మడవలేనివారిని చూచితిని. పైకుట్లు రెండు వారములకు మానును. లోని స్నాయువు బరువుపనికి తాళుటకు సుమారు 12 వారములు పట్టును. ఈ నడుమ వైద్యుడు చెప్పిన కొలదిపాటి కదలిక మాత్రమే; తట్టయు పారయు ముట్టరాదు. గాయమైన నాడే వ్రేలి కొన వంగునో లేదో చూచి, వంగనిచో ఆసుపత్రిలో ఆ మాట ముందుగా చెప్పవలెను.