జఖం మీద ఎర్ర రోషనీ

జగ్గయ్యపేటలో ఉండే మా ఖాలాకు షుగర్. మిర్చి కల్లంలో కాలికి పుల్ల గుచ్చుకుంటే తెలియనే లేదు. ఆ జఖం మూడు నెలలైనా మానలేదు. మొన్న ఫోన్ చేసి, "బేటా, ఎర్ర లైటు పెడితే మానుద్దంట కదా, నందిగామలో ఎవరన్నా పెడతారేమో కనుక్కో" అంది. కనుక్కునే ముందు ఆ లైటు తారీఖ్ తిరగేశాను.

రోషనీతో ఇలాజ్ కొత్తదేం కాదు. డెన్మార్క్ డాక్టర్ నీల్స్ ఫిన్సెన్ చర్మానికి వచ్చే క్షయను వెలుగుతో నయం చేసి 1903లో నోబెల్ ఇనామ్ అందుకున్నాడు. లేజర్ పుట్టింది మాత్రం 1960లో. అమెరికాలో థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో దాన్ని వెలిగించాడు.

1967లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే సర్జన్, లేజర్ వల్ల ఒంటికి ఏమవుతుందో చూద్దామని ఎలుకల వీపు గొరిగి తక్కువ తాకత్ లేజర్ పెట్టాడు. హైరత్! లేజర్ తగిలిన చోట వెంట్రుకలు తొందరగా మొలిచాయి. ఆ తజుర్బాతోనే 1970ల్లో, ఏళ్ల తరబడి మానని కాలి పుండ్లున్న మరీజులకు ఈ ఇలాజ్ మొదలుపెట్టాడు.

ఇది కోసే లేజర్ కాదు, కాల్చే లేజర్ కాదు. ఎర్ర వెలుగును మన కణాల్లోని మైటోకాండ్రియా పీల్చుకుని ఎక్కువ శక్తి తయారుచేస్తాయని సైన్స్‌దానుల అంచనా. మోతాదు తక్కువైతే ఫాయిదా లేదు, ఎక్కువైతే ఉల్టా అవుతుంది.

క్యాన్సర్ ఇలాజ్‌లో వచ్చే నోటి పుండ్లు రాకుండా ఆపడానికి అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు దీన్ని ఒప్పుకున్నాయి. షుగర్ పుండ్ల విషయంలో కొన్ని పరిశోధనలు ఫాయిదా చూపించాయి గానీ అవి చిన్నవి, ఒక్కొక్కరు ఒక్కో మోతాదు వాడారు. కాబట్టి ఇది అసలు ఇలాజ్‌కు తోడు మాత్రమే, దానికి బదులు కాదు.

అసలు ఇలాజ్ ఏమిటంటే: చచ్చిన చర్మం తీయించడం, పుండు మీద బరువు పడకుండా చూడడం, షుగర్ అదుపు, కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో పరీక్ష, చీము పడితే మందులు. వేలు నల్లబడినా, బద్బూ వచ్చినా, బుఖార్ వచ్చినా ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఖాలాకు ఇదే చెప్పాను. "అయితే లైటు వద్దా?" అంది. "ముందు సర్జన్, తర్వాత ఆయన చెబితే లైటు" అన్నాను. రేపు ఫజర్ కాగానే బెజవాడ బయల్దేరుతున్నాం. మీ ఇంట్లో షుగర్ ఉన్న బుజుర్గులుంటే, ఈ రాత్రి వాళ్ల అరికాళ్లు ఒకసారి తిప్పి చూడండి.