డెబ్బై ఐదేళ్ల కాగితం

పోయిన భాగంలో వెట్టి గురించి రాశాను. ఈసారి కాగితం గురించి. రాస్తూ పోతే రెండూ ఒకే కథలా ఉన్నాయి.

పాల్వంచలో మా డిగ్రీ క్లాసులో ఒక పిల్లవాడు అడిగాడు: "సార్, మా నాయన ఇరవై ఏళ్లకు పైగా అదే చేన్ల పత్తి పెడుతుండు. రైతుబంధు ఒక్కసారి కూడా పడలే. మాకు ఏ కాగితం తక్కువైంది సార్?" నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ణి, రెవెన్యూ చట్టాలు నాకేం తెలుసు! కానీ ఆ పిల్లవాడిది మాదిగ ఇల్లు, చేను అడవి అంచున. మా పెదనాయన చేను కూడా అలాంటిదే. అందుకే తవ్వడం మొదలుపెట్టాను.

2018 మే 10న హుజూరాబాద్ ప్రాంతంలో రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరానికి 4 వేలు. దరఖాస్తు లేదు, ఆఫీసుల చుట్టూ తిరుగుడు లేదు, పట్టాదారు పాస్‌బుక్ ఉంటే చాలు. మొదటి విడత చెక్కులు ఊళ్లోకే వచ్చాయి, తర్వాత డబ్బు నేరుగా ఖాతాలో పడింది. రైతుకు కాగితాల బరువు తగ్గించిన పథకం అన్నారు. నిజమే, పాస్‌బుక్ ఉన్న చిన్న రైతుకు తగ్గింది, ఒప్పుకోవాలి. చేను ఎవరు దున్నుతున్నారో కనుక్కోవడం సర్కారుకు కష్టం, పట్టా ఎవరి పేరున ఉందో చూడటం తేలిక. ఆ తేలిక ఖరీదు కౌలు రైతు కట్టాడు. 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇమ్మంది. రైతుబంధుకు ఆ కార్డు పనికిరాలేదు.

మాకు ఇంకో ముడి ఉంది. పాల్వంచ చుట్టూ ఊళ్లు చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడ 1/70 ఉంది. గిరిజనేతరుడికి భూమి ఎవరు బదలాయించినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని రుజువయ్యేదాకా అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. ఆ చట్టంలో ఒక్క అక్షరం కూడా తీయొద్దంటాను. దాన్ని తీసేయమనే గొంతుల వెనక ఉండేది మాదిగవాడి ఎకరం కాదు, పెద్ద రైతు వందెకరాలు.

అడవి అంచున పోడు కొట్టుకున్న దళితుడికి మిగిలిన దారి 2006 అటవీ హక్కుల చట్టం. ఆదివాసీకి 2005 డిసెంబర్ 13 నాటికి సాగు ఉండాలి. మిగతావాళ్లు దానికి తోడు, ఆ తేదీకి ముందు మూడు తరాలు అడవిని నమ్ముకుని అక్కడే బతికామని చూపాలి. తరానికి 25 ఏళ్లు. లెక్కేయండి, 1930.

1930లో ఇక్కడ ఏముంది? నిజాం రాజ్యం, పాల్వంచ సంస్థానం. లెక్కలు పట్వారీ చేతిలో. మా ముత్తాత ఆ దఫ్తరు మూట నెత్తిన పెట్టుకుని పట్వారీ వెనక ఊరూరూ నడిచేవాడని నాయనమ్మ చెప్పేది. మూట మోసినవాడి పేరు మూటలో లేదు. ఇప్పటికీ రెవెన్యూవాళ్లు మూలంగా చూసే ఖాస్రా పహాణీ కూడా 1954-55 నాటిదే. సర్కారు ఎవరి పేరు రాయలేదో వాళ్లనే పట్టుకుని, నీ పేరున్న కాగితం తెమ్మంటోంది.

చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. 13వ నిబంధన చూడండి. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసుకున్నా ఆధారమే. పాత బావి, బొందలగడ్డ, పూజించే చోటు కూడా ఆధారాలే. ఫలానా కాగితమే కావాలని పై కమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణ చెప్పింది. పెదనాయన క్లెయిమ్ పట్టుకుని నేను ఒక ఆఫీసుకు మూడుసార్లు పోయాను. "1930 నాటి కాగితం తెండి" అన్నారు. నిబంధన చదివి వినిపించాను. "అది మాకు రాలేదు సార్" అన్నాడాయన, మర్యాదగానే.

2023 జూన్‌లో సుమారు లక్షన్నర మంది గిరిజనులకు నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పోడు పట్టాలిచ్చారు, రైతుబంధూ ఇస్తామన్నారు. చాలా ఆలస్యంగా జరిగిన మంచి పని. పెదనాయన గట్టు అవతలి కోయ తాతకూ పట్టా వచ్చింది. గట్టుకు ఇవతల ఏమీ రాలేదు. ఆ తాతే వచ్చి, "మీ పెద్దోళ్లు మా అయ్య కాలం నుంచి ఈడనే ఉండ్రు, నేను చెప్తా రాసుకో" అన్నాడు. రాసుకున్నాను, వేలిముద్ర వేశాడు.

2025 జనవరి నుంచి రైతుభరోసా పేరుతో ఎకరానికి ఏడాదికి 12 వేలు. భూభారతి పోర్టల్‌ను అదే ఏడాది ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి నాడు ప్రారంభించారు. తేదీ బాగా ఎంచుకున్నారు. డబ్బుకు తలుపు మాత్రం ఇప్పటికీ పట్టాయే.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఊళ్లో ఎనభై దాటినవాళ్లు ఎందరున్నారో చూడండి. ఎవరి చేను ఎక్కడ, ఎవరి తాతను ఏ వాగు పక్కన పూడ్చారు, ఏ బావి ఎవరు తవ్వారు, అడిగి రాయండి. తేదీ వేయండి, వేలిముద్ర తీసుకోండి, గ్రామసభలో చదివించండి. మా క్లాసు పిల్లలు పదకొండు మంది ఈ ఆదివారం కిన్నెరసాని వైపు ఊళ్లకు పోతున్నారు. ఆ కోయ తాతకు ఈ మధ్య వినికిడి తగ్గింది, కాస్త గట్టిగా అడగమని చెప్పాను.

జై భీమ్.