బిగించిన పటం, జేబులో పటం

కారులో దారి చూపించే యంత్రం అనగానే ఉపగ్రహాలు గుర్తొస్తాయి. కానీ ఉపగ్రహాలకన్నా, ఆమాటకొస్తే కంప్యూటర్లకన్నా కూడా ముందే అలాంటి యంత్రాలున్నాయి. 1909లో అమెరికాలో జోన్స్ లైవ్ మ్యాప్ అనే పరికరం వచ్చింది. గుండ్రటి డబ్బా, పైన అద్దం, లోపల తిరిగే కాగితపు బిళ్ళ. డబ్బాకి ఒక కేబుల్ తగిలించి కారు చక్రానికి కలుపుతారు. కారు కదిలేకొద్దీ బిళ్ళ తిరుగుతూ తరవాత ఎటు వెళ్ళాలో చూపిస్తుంది. ఒక బిళ్ళ సుమారు 100 మైళ్ళకి సరిపోతుంది. అది అయిపోతే ఇంకోటి పెట్టుకోవాలి. 1920లలో ఇంగ్లండులో ప్లస్ ఫోర్స్ రూట్‌ఫైండర్ అని ఇంకోటి తయారైంది. చేతి గడియారంలా మణికట్టుకి కట్టుకుని, అందులోని చిన్న కాగితపు చుట్టని వేళ్ళతో తిప్పుకోవాలి. 1930 ప్రాంతంలో ఇటలీలో వచ్చిన ఇటెర్ ఆటో మళ్ళీ డాష్‌బోర్డు మీదకి ఎక్కింది. స్పీడోమీటరు కేబులుతో కలిపితే కారు వేగాన్ని బట్టి పటం దానంతటదే జరుగుతుంది.

అంటే, పటం కారుకి బిగించి ఉండాలా, మనిషితో పాటు రావాలా అన్న పేచీ వందేళ్ళ నాటిది. ఆ పేచీలోని రెండు ముఖ్యమైన సంగతులు జోన్స్ డబ్బాలోనే కనిపిస్తాయి. బిగించిన పటానికి చక్రం ఎంత తిరిగిందో తెలుసు, మణికట్టు మీది పటానికి ఆ సంగతి తెలీదు. ఇది మొదటిది. రోడ్డు మారినా బిళ్ళ మారదు. ఇది రెండోది. ఆ తరవాత వచ్చిన యంత్రాల చరిత్రంతా ఈ రెండిటి మధ్య ఊగులాటే అని నాకనిపిస్తుంది.

ఎలక్ట్రానిక్ యుగంలో మొదటి అడుగు హోండాది. 1981లో జపాన్‌లో ఎలక్ట్రో జైరోకేటర్ అనే యంత్రాన్ని అమ్మింది. హీలియం వాయువుతో పనిచేసే ఒక జైరో కారు ఎంత తిరిగిందో చెప్తుంది, చక్రం ఎంత దూరం వెళ్ళిందో చెప్తుంది. రెండూ కలిపి తెర మీద కారున్న చోటు చూపిస్తారు. పటం మాత్రం కంప్యూటర్లో లేదు. పారదర్శకమైన పలచటి షీట్ల మీద అచ్చేసిన పటాలని డ్రైవరే తెర ముందు దూర్చుకోవాలి.

పటాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, కారు యజమానులకి అమ్మి చూపించింది ఎటాక్ అనే కాలిఫోర్నియా కంపెనీ. దాని స్థాపకుడు స్టాన్ హనీ పడవ పందేల్లో దారి లెక్కగట్టే నావిగేటర్. డబ్బు పెట్టింది అటారీ వ్యవస్థాపకుడు నోలన్ బుష్నెల్. మైక్రోనీషియాలో కెరొలిన్ దీవుల నావికులు ప్రయాణాన్ని ఊహించుకునే పద్ధతి పేరే ఎటాక్. అందులో పడవ కదలదు. పడవ ఉన్నచోటే ఉంటుంది, దీవులే ఎదురొచ్చి వెనక్కి వెళ్ళిపోతాయి. 1985లో అమ్మకానికొచ్చిన ఎటాక్ నావిగేటర్ తెర మీద జరిగేదీ ఇదే. బాణం మధ్యలో నిలబడి ఉంటుంది, దాని చుట్టూ పటం తిరుగుతుంది. ఇవాళ మన ఫోన్లో కనిపించేది ఆ బొమ్మే.

ఎటాక్ పటాలు క్యాసెట్లలో వచ్చేవి. ఒక్కో క్యాసెట్‌లో పట్టేది సుమారు 3.5 మెగాబైట్లు. ఒక పెద్ద నగరం తిరగాలంటే ఒకటి సరిపోదు. ఖరీదు సుమారు 1400 డాలర్లు. దీనికి ఉపగ్రహాలతో సంబంధమే లేదు. చక్రాలకి పెట్టిన సెన్సర్లు, ఒక దిక్సూచి, మిగతాదంతా లెక్క. కారు కుడికి తిరిగిందని దిక్సూచి చెప్పిందనుకోండి. కుడికి వెళ్ళే వీధి దగ్గర్లో ఎక్కడుందో పటంలో వెతికి, బాణాన్ని ఆ వీధి మీదకి సర్దుతుంది. ప్రతి మలుపుకీ తన తప్పు తనే దిద్దుకుంటుందన్నమాట. ఇంత పని చెయ్యాలంటే యంత్రం కారులో భాగం కాక తప్పదు. ఆ రోజుల్లో బిగించడం సాంకేతిక అవసరం.

ఆ అవసరం పోవడానికి 2000 దాకా పట్టింది. 1983లో సోవియట్ సైన్యం కొరియన్ విమానాన్ని కూల్చేశాక, జీపీఎస్ పూర్తయితే పౌరులక్కూడా అందుబాటులో ఉంచుతామని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. అయితే మామూలు జనానికి అందే సంకేతంలో కావాలనే పొరపాటు కలిపేవారు. దాంతో 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 100 మీటర్లంటే పక్క వీధి, కొన్ని చోట్ల దాని అవతలి వీధి కూడా. కాబట్టి 1990లలో జపాన్ కార్లలో జీపీఎస్ వచ్చినా, చక్రాల లెక్క, జైరో పక్కన ఉండాల్సిందే. 2000 మే మొదట్లో క్లింటన్ ప్రభుత్వం ఆ పొరపాటు కలపడం ఆపేసింది. రాత్రికి రాత్రి ప్రపంచంలోని జీపీఎస్ రిసీవర్లన్నీ పదింతలు మెరుగయ్యాయి. చక్రం చేసే పని చాలావరకు ఆకాశం చెయ్యడం మొదలుపెట్టింది. ఇక యంత్రానికి కారుతో కేబుల్ అక్కర్లేదు.

2004లో టామ్‌టామ్ గో, మరుసటి ఏడాది గార్మిన్ నూవీ వచ్చాయి. అద్దానికి అతికించుకుని, సిగరెట్ లైటర్ సాకెట్లో వైరు పెడితే చాలు. కారు మారితే ఊడబీకి పట్టుకుపోవచ్చు. అదే సమయంలో కార్ల కంపెనీలు నావిగేషన్ కోసం విడిగా వేల డాలర్లు అడిగేవి, పటం డీవీడీలో ఇచ్చేవి. కొత్త డీవీడీకి మళ్ళీ డబ్బు. కానీ చిన్న పెట్టెలవాళ్ళ సంబరమూ ఎక్కువకాలం లేదు. 2009 అక్టోబర్లో గూగుల్ తన ఆండ్రాయిడ్ ఫోన్లలో దారి చూపించడం ఉచితం చేసేసింది. ఆరోజే గార్మిన్, టామ్‌టామ్ షేర్లు దబ్బున పడ్డాయి. మణికట్టు పటం జేబులోకి చేరింది, పైగా అది ఎప్పటికప్పుడు తనే తాజా అవుతుంది.

ఆ తాజాతనం విలువ ఏమిటో మన దగ్గర చూస్తే బాగా తెలుస్తుంది. 2010లో హైదరాబాదులో ఒకాయన నావిగేషన్ ఉన్న కారు కొన్నాడనుకుందాం. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు 2008 నుంచి ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటూ 2018కి గానీ పూర్తవలేదు. ఈలోపు 2014లో రాష్ట్రం రెండయింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. ఆ కారు ఇంజనుకి మాత్రం ఏమీ కాలేదు. ఇప్పటికీ శుభ్రంగా నడుస్తుండొచ్చు.

నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కారులోనూ ఇలాంటి స్క్రీనే ఉండేది. అది చూపించే నగరం నేనుండే నగరం కాదు. కొత్త ఫ్లైఓవర్ ఎక్కితే బాణం పొలాల్లో పోతుండేది. మ్యాప్ అప్‌డేట్‌కి సర్వీస్ సెంటర్ వాళ్ళు చెప్పిన డబ్బుతో ఓ మోస్తరు ఫోనే వచ్చేస్తుంది. ఒకసారి పక్క సీట్లో ఉన్న నాన్న ఊరిపేరు కొట్టబోతే, బండి కదులుతోంది కాబట్టి కుదరదంది. డ్రైవర్ నేను, నొక్కేది ఆయన. ఆ తేడా దానికి తెలీదు. "పక్కకి ఆపరా, ఆ టీకొట్టు దగ్గర అడుగుదాం," అన్నారు నాన్న.

నాన్న చేసింది పాతకాలపు పని అనుకోనక్కర్లేదు. మనకి వీధి పేర్లతో దారి చెప్పే అలవాటు తక్కువ. గుడి దాటాక, పెట్రోల్ బంకు ఎదురుగా, వాటర్ ట్యాంక్ పక్క సందు అనే చెప్తాం. గూగుల్ కూడా 2009 చివర్లో మన దేశంలో ఇలాంటి గుర్తులతో దారి చెప్పడం మొదలుపెట్టింది. అంతకు ఏడాది ముందు, 2008లో, మ్యాప్ మేకర్ అనే సదుపాయం వచ్చింది. అది నడిచిన రోజుల్లో తమ ఊరి వీధుల్ని ఊరివాళ్ళే గీసుకోగలిగేవాళ్ళు. దాని రూపకర్తల్లో లలితేశ్ కట్రగడ్డ ఒకరు. టీకొట్టు దగ్గర దొరికే సమాచారాన్ని పటంలోకి ఎక్కించడానికి అదొక దారి. డీవీడీలో అచ్చయిపోయిన పటానికి ఆ దారి మూసుకుపోయింది.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా నాకు ఇక్కడ డేవిడ్ పార్నస్ 1972లో రాసిన పేపరు గుర్తొస్తుంది. ప్రోగ్రామ్‌ని ముక్కలు చేసేటప్పుడు, మారే అవకాశమున్న ప్రతి నిర్ణయాన్నీ విడిగా ఒక ముక్కలో దాచెయ్యమంటాడు. అది మారినప్పుడు మిగతావాటిని కదపక్కర్లేదు. కారు పదిహేనేళ్ళు బతుకుతుంది, కంప్యూటరు ఐదేళ్ళకి ముసలిదవుతుంది, పటం నెలనెలా మారుతుంది. ఈ మూడిటినీ ఒకే పెట్టెలో పెట్టి స్క్రూలు బిగిస్తే అన్నిటికన్నా ముందు చచ్చేదాని ఆయుష్షే పెట్టె ఆయుష్షు. 2022 జనవరి 1న హోండా, అక్యూరా పాత మోడళ్ళు కొన్నిటిలో నావిగేషన్ గడియారాలు 2002కి వెళ్ళిపోయి కొన్ని నెలలు అక్కడే ఉన్నాయి. కార్లు బానే ఉన్నాయి, లోపలి పెట్టె ఇరవై ఏళ్ళు వెనక్కి నడిచింది.

2014లో ప్రకటించిన ఆపిల్ కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో చేసింది ఈ ముక్కలు చెయ్యడమే. స్క్రీన్, స్పీకర్లు కారువి, మెదడు ఫోన్‌ది, మధ్యలో ఒక ఒప్పందం. నెమ్మదిగా ముసలయ్యేది బిగించి ఉంటుంది, త్వరగా ముసలయ్యేది జేబులో వస్తుంది. పేచీ ఇక్కడితో తీరిపోయిందనే అనిపించింది. కానీ 2023లో జనరల్ మోటార్స్ తన కొత్త ఎలక్ట్రిక్ కార్లలో ఈ రెండిటినీ తీసేస్తానంది. టెస్లా అసలెప్పుడూ ఇవ్వలేదు. వాళ్ళ వాదనలో పస లేకపోలేదు. బ్యాటరీ ఎంత మిగిలిందో, ఎక్కడ ఆగి ఛార్జ్ చేసుకోవాలో బాగా తెలిసేది కారుకే. ఎటాక్ రోజుల్లో చక్రం సంగతి కారుకి తెలిసినట్టే ఇప్పుడు బ్యాటరీ సంగతి. సొరంగంలో ఫోను దారితప్పితే, చక్రాల లెక్క తెలిసిన కారు ఇప్పటికీ తప్పదు.

అయితే కారుకి తెలిసింది ఫోనుకి చెప్పడానికి ఆ ఒప్పందాన్ని పెంచితే చాలదా? పెట్టెని మళ్ళీ బిగించాల్సిన పనేముంది? ఇందులో సాంకేతిక అవసరంకన్నా వ్యాపార అవసరమే నాకు ఎక్కువ కనిపిస్తోంది. స్క్రీన్ ఎవరిదైతే నెలవారీ చందా వాళ్ళది. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో ఏటీఅండ్‌టీ 3జీ నెట్‌వర్క్ ఆపేసినప్పుడు, దాన్ని నమ్ముకున్న ఎన్నో కార్లలో ఇంటర్నెట్‌తో నడిచే సదుపాయాలు ఆగిపోయాయి. యజమానులు డబ్బు కట్టి కొన్నవే అవి. ఆ కార్లు మూడో చేతికి, నాలుగో చేతికి వెళ్ళేసరికి కొనేది డబ్బు తక్కువున్నవాళ్ళు. చచ్చిన స్క్రీన్ భారం చివరికి పడేది వాళ్ళ మీదే.

ఎటాక్ కథ చివర చెప్పుకోదగ్గది ఒకటుంది. ఆ యంత్రం ఎప్పుడో పోయింది. క్యాసెట్లు, ఆ పచ్చటి తెర ఇప్పుడు సేకరించేవాళ్ళ దగ్గర తప్ప లేవు. కానీ దానికోసం గీసిన పటాలు బతికాయి. కంపెనీ న్యూస్ కార్పొరేషన్ చేతికి, తరవాత సోనీకి, 2000లో టెలి అట్లస్‌కి వెళ్ళింది. 2008లో ఆ టెలి అట్లస్‌ని కొన్నది టామ్‌టామ్. బిగించిన పెట్టె కోసం పుట్టిన పటాలు వారసత్వంగా చేరింది, ఊడబీకి పట్టుకుపోయే పెట్టెలు అమ్మేవాడికి. పెట్టెలోంచి బయటికి రాగలిగాయి కాబట్టే అవి అంతకాలం నిలిచాయి. ఈసారి షోరూములో ఆ పెద్ద స్క్రీన్ చూపించినప్పుడు దాని అంగుళాలతో పాటు, అందులోంచి ఏమేం బయటికి తియ్యొచ్చో కూడా అడగండి.