గాజు పెట్టెలో ఎండ: మూసిన కారు కథ

ఎండను తప్పించుకొనడానికే మానవుడు ఇల్లు కట్టుకొన్నాడు. ఈ మాటలోని నిజం తెలియాలంటే కర్నూలు జిల్లా పడమటి భాగాన, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలోని పాత మిద్దెలను చూడాలి. వాన తక్కువ, నల్లరేగడి నేల, వేసవిలో 40 సెంటీగ్రేడు డిగ్రీలు దాటే ఎండ: ఇదీ ఆ సీమ స్వభావం. అక్కడి పెద్దలు మందపాటి రాతిగోడలు లేపి, దూలాలు పరచి, వాటిపై మట్టి కప్పి, మిద్దెలో ఒకచోట గవాక్షి వదిలేవారు. మందమైన గోడ పగటి వేడిని మెల్లమెల్లగా తీసుకొంటుంది. ఆ వేడి లోపలికి చేరేసరికి పొద్దు గ్రుంకుతుంది. ఇంటిలో వేడెక్కిన గాలి తేలికై గవాక్షిగుండా పైకి పోతుంది. ఉష్ణప్రసారాన్ని గురించి గ్రంథాలు చదవకుండానే వారు దానిని గ్రహించారు.

ఇప్పుడు అదే మిద్దె ముందర మరొక చిన్నగది నిలిచి ఉంటున్నది. దాని గోడలు పలుచని ఇనుపరేకు. నాలుగు ప్రక్కలా గాజు పలకలు. గవాక్షి లేదు. ఆ గది కారు. అన్నివిధాల అది మిద్దెకు తలక్రిందులు. మిద్దె ఎండను బయట నిలిపితే, కారు దానిని లోపలికి పిలిచి తలుపు మూస్తుంది. మూసిన కారులో చిక్కుకొన్న పసిబిడ్డ ప్రాణానికి గంటసేపటి భరోసా కూడా లేదు.

గాజు పెట్టె ఎండను ఎట్లా పట్టి ఉంచుతుందో శాస్త్రజ్ఞులకు రెండువందల యాభై ఏండ్లకు పైగా తెలుసు. ఆ తెలివి ఎట్లా పుట్టినదో, దానికీ మన వాకిట నిలిచిన కారుకూ గల సంబంధమేమిటో చూద్దాం.

సొస్యూర్ పెట్టె

జెనీవా నగరానికి చెందిన హొరేస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ పర్వతాలను పరిశీలించిన శాస్త్రజ్ఞుడు. గాజు కిటికీలున్న గది ఎండవేళ ఎక్కువ వేడిగా ఉండడం అందరూ ఎరిగినదే. ఆ వేడిని కొలిచి చూడాలని ఆయనకు తోచింది. 1767లో గాజు పెట్టెలను ఒకదానిలో ఒకటి అమర్చి ఎండలో ఉంచాడు. లోపలి పెట్టెలో ఉష్ణోగ్రత 87 డిగ్రీలు దాటింది. తరువాత కొయ్యపెట్టె చేయించి, లోపల నల్లని బెండు పరచి, పైన మూడు గాజు పలకలు బిగించాడు. దానిలో వేడి నీరు మరిగే స్థాయిని కూడా మించింది.

అంతటితో ఆగక ఆయన ఆ పెట్టెను ఆల్ప్స్ పర్వతాలలోని క్రామోన్ శిఖరానికి మోయించుకొని పోయాడు. అక్కడ బయటి గాలి సుమారు 6 డిగ్రీలు మాత్రమే. పెట్టె లోపల సుమారు 88 డిగ్రీలు! మరునాడు క్రిందికి దిగి, బయట దాదాపు 25 డిగ్రీలున్న చోట అదే పరీక్ష చేశాడు. పెట్టెలోని వేడి ఇంచుమించు మారలేదు. కాబట్టి పెట్టెలోని వేడిని ప్రధానంగా నిర్ణయించేది బయటి గాలి వేడి కాదు, లోపలికి వచ్చే సూర్యకాంతి. పాఠకులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. ఈ వ్యాసంలో ఇది మళ్ళీ అక్కరకు వస్తుంది.

1824లో ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫూరియే భూమి ఉష్ణోగ్రతను గురించి వ్రాస్తూ ఈ పరీక్షనే ఉదహరించాడు. 1830 తరువాతి దశాబ్దంలో దక్షిణాఫ్రికాలో నక్షత్రాలను పరిశీలిస్తున్న జాన్ హెర్షెల్ ఇటువంటి పెట్టెలో ఆహారం వండి చూపాడు. మన దేశంలో వాడుకకు వచ్చిన సోలారు కుక్కరు సొస్యూర్ పెట్టెకు మనుమరాలే. నల్లరంగు పూసిన గిన్నెలు, పైన గాజుమూత, అంతే. నిప్పు లేకుండానే అందులో అన్నం, పప్పు ఉడుకుతాయి.

దీనికి కారణమేమి? సూర్యుని వెలుగు గాజుగుండా సులభంగా లోపలికి వస్తుంది. లోపలి వస్తువులు దానిని పీల్చుకొని వేడెక్కి పరారుణ కిరణాలను వెలువరిస్తాయి. ఆ కిరణాలను గాజు బయటికి పోనీయదు. చాలాకాలం ఇదే ముఖ్యకారణమని తలచారు. 1909లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ రెండు పెట్టెలు తీసుకొని, ఒకదానికి గాజు, మరొకదానికి రాతి ఉప్పు పలక మూతగా పెట్టాడు. రాతి ఉప్పు పరారుణ కిరణాలను అడ్డగించదు. అయినా రెండు పెట్టెలూ దాదాపు సమానంగానే వేడెక్కాయి. అందువల్ల వేడిని నిలిపి ఉంచేది ముఖ్యంగా కదలలేక లోపల చిక్కుపడిన గాలి అని తేలింది. గవాక్షి చేసే మేలు ఏమిటో ఈ పరీక్ష తిరుగవేసి చూపినట్లయింది.

కారుకు కప్పు వచ్చింది

పొలాల నుండి ఆదోనికి పత్తి చేరవేసిన ఎడ్లబండి తెరచిన బండి. సవారి బండికి గూడు ఉన్నా ముందు వెనుకలు తెరపిగానే ఉండేవి. తొలినాటి మోటారు కార్లు కూడా ఇట్టివే. 1919లో అమెరికాలో తయారైన కార్లలో పదింట ఒకటి మాత్రమే పూర్తిగా మూసినది. 1927 నాటికి పదింట ఎనిమిది మూసిన కార్లే. వానకు, దుమ్ముకు మనుష్యులు వెతికిన విరుగుడు ఇది. తెలియకుండానే ప్రతి ఇంటి ముందరా సొస్యూర్ పెట్టె వచ్చి నిలిచింది.

మన దేశంలో 1950ల చివర నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800, రెండూ మూసిన కార్లే. కాని వాటి అద్దాలను చేతితో త్రిప్పి దించేవారు. తరువాత విద్యుత్తుతో నడిచే అద్దాలు వచ్చాయి. తాళంచెవి తీసివేస్తే సాధారణంగా అవి కదలవు. వెనుక తలుపులకు పిల్లల తాళం వచ్చింది. దానిని వేస్తే లోపలి పిడి లాగినా తలుపు తెరచుకోదు. నడిచే కారులోనుండి పిల్లలు పడిపోకుండా చేసిన ఈ ఏర్పాటే నిలిచిన కారులో వారికి సంకెల అవుతున్నది.

మరచిపోయిన బిడ్డ

ఈ ప్రమాదం మొదట పెద్దఎత్తున లెక్కకు వచ్చినది అమెరికాలో. 1998 వేసవిలో మూడు వారాల వ్యవధిలో, మూడు సంఘటనలలో, కార్ల డిక్కీలలో చిక్కి 11 మంది పిల్లలు మరణించారు. ఆ తరువాత కొత్త కార్ల డిక్కీ లోపల, చీకటిలో మెరిసే విడుదల పిడి ఉండాలని అక్కడి ప్రభుత్వం నిబంధన చేసింది.

అదే కాలంలో మరొక మార్పు జరిగింది. ప్రమాదంలో ఉబ్బి మనిషిని కాపాడే గాలిసంచి ముందు సీటులోని పసివారికి ప్రాణాంతకమని తేలి, బిడ్డలను వెనుక సీటులో కూర్చోబెట్టమన్నారు. ఇది మంచి సలహాయే. కాని వెనుకకు తిరిగిన సీటులో నిద్రించే శిశువు నడిపేవారి కంటికి కనబడదు. 1998 నుండి ఆ దేశంలో ఏటా సగటున 37 మంది పిల్లలు కార్లలోని వేడికి మరణిస్తున్నారు. 2018, 2019 సంవత్సరాలలో ఆ సంఖ్య ఒక్కొక్క ఏడు 50 దాటింది. వీరిలో సగానికి పైగా పెద్దలు మరచిపోయినవారు. సుమారు నాలుగవ వంతు తామే కారులోకి ఎక్కినవారు.

కన్నబిడ్డను ఎట్లా మరచిపోతారని అడుగవచ్చు. ఫ్లోరిడాకు చెందిన నాడీశాస్త్రజ్ఞుడు డేవిడ్ డైమండ్ దీనికి సమాధానం చెప్పాడు. మెదడులో అలవాటును నడిపే భాగం వేరు, ఈనాడు ప్రత్యేకంగా చేయవలసిన పనిని గుర్తుంచుకొనే భాగం వేరు. రోజూ ఆదోని మార్కెట్ యార్డుకు పోయే వ్యాపారిని దారిలో మందులు తెమ్మంటే, కాళ్ళు యార్డుకే పోతాయి, మందుల సంగతి సాయంత్రం గుర్తుకు వస్తుంది. నిద్ర చాలనినాడు, పని ఒత్తిడి ఉన్ననాడు అలవాటుదే పైచేయి. ప్రేమ తక్కువై జరిగే పని కాదిది. అందుకే ఇటలీ 2018లో శాసనం చేసి, 2019 నవంబరు నుండి నాలుగేండ్లలోపు పిల్లల సీట్లకు హెచ్చరించే పరికరం ఉండాలన్నది. కారులో బిడ్డ ఉనికిని పసిగట్టే సాధనాలకు ఐరోపాలోని యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2023 నుండి మార్కులు ఇస్తున్నది.

బడి బస్సులోను ఇదే ప్రమాదం పొంచి ఉన్నది. 2022 సెప్టెంబరులో కతార్ దేశంలో, కేరళకు చెందిన నాలుగేండ్ల బాలిక బడి బస్సులో నిద్రపోగా, ఎవరూ చూడక మూసివేసినందున మరణించింది.

మన ఊళ్ళలో జరిగినది

తెలుగునాట జరిగిన సంఘటనల తీరు వేరు. 2020 ఆగస్టులో కృష్ణా జిల్లా రేమల్లెలో ముగ్గురు బాలికలు, 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు, మరుసటి నెలలోనే విజయనగరం దగ్గరి ద్వారపూడిలో నలుగురు పిల్లలు నిలిచిన కార్లలో ప్రాణాలు కోల్పోయారు. వీరిని ఎవరూ కారులో మరచిపోలేదు. ఆడుకొంటూ తామే తలుపు తీసి ఎక్కారు, తిరిగి రాలేకపోయారు. ఇంటి ముందు నిలిచిన కారు పిల్లలకు ఆటగది. పెద్దలు వారు వీధిలోనో, ప్రక్కింటిలోనో ఉన్నారనుకొంటారు. ఇట్టి చోట వెనుక సీటును గుర్తుచేసే పరికరం అక్కరకు రాదు, కారు నడిపినవారే అక్కడ లేరు గనుక.

రేమల్లె సంఘటన ఆగస్టులో జరిగినదని గమనించాలి. బయట గాలి చల్లగా ఉన్నా పెట్టె కాగుతుందని సొస్యూర్ కొండమీద చూపిన సంగతి ఇదే. ఎండ కాసిన ఏ నెలయినా ప్రమాదపు నెలే.

ఊపిరి కాదు, వేడి

ఇట్టి వార్తలలో తరచు కనిపించే మాట ‘ఊపిరాడక’ అన్నది. ఆ మాట మనలను ప్రక్కదారి పట్టిస్తున్నది. కారు గాలి చొరనంత బిగువైన పెట్టె కాదు. గాలి చాలకపోవడానికి చాలముందే వేడి తన పని చేస్తుంది. ‘ఊపిరాడక’ అని నమ్మినవారు అద్దం రెండంగుళాలు దించితే చాలుననుకొంటారు. 2005లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధన ఈ నమ్మకాన్ని త్రోసివేసింది. బయట 22 నుండి 36 డిగ్రీలున్న రోజులలో నిలిపిన కారు లోపలి ఉష్ణోగ్రత గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో ఎనభై శాతం మొదటి అరగంటలోనే. అద్దాన్ని కొద్దిగా దించినా ఫలితం దాదాపు అంతే.

నీడ కూడా నమ్మదగినది కాదు. మన సీమవంటి పొడి ఎండ కాసే అరిజోనాలో 2018లో ప్రకటించిన పరిశోధనలో, గంటసేపు ఎండలో నిలిచిన కార్ల డాష్‌బోర్డు సుమారు 69 డిగ్రీలకు, సీట్లు 50 డిగ్రీలకు చేరాయి. రెండేండ్ల బిడ్డ శరీరం ఎండలో గంటకు, నీడలో రెండు గంటల లోపలే ప్రమాదస్థాయికి చేరగలదని వారు లెక్కగట్టారు.

పసివారి శరీరం పెద్దలకంటే మూడు నుండి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. బరువుతో పోల్చితే వారి చర్మవైశాల్యం ఎక్కువ, చెమట పోసే శక్తి తక్కువ. శరీరం 40 డిగ్రీలకు చేరితే వడదెబ్బ, 42కు సమీపిస్తే ప్రాణాపాయం. వేడికి మొదట మగత వస్తుంది. అందుకే చాలాసార్లు లోపలినుండి అరుపు కూడా వినబడదు.

చేయవలసినది

పిల్లవాడు కనబడకపోతే మొదట బావి, తరువాత కుంట వెతకడం మన ఊళ్ళ అలవాటు. ఇప్పుడు వాటికన్న ముందు, వీధిలోని ప్రతి కారునూ, డిక్కీతో సహా, తెరచి చూడాలి. నిమిషాలే లెక్క.

కారు దిగగానే, ఇంటి వాకిటనైనా సరే, తాళం వేయాలి. తాళంచెవి పిల్లలకు అందని ఎత్తున ఉంచాలి. పెండ్లిళ్ళకు, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు బంధువుల కార్లు వచ్చిననాడు ఈ పనిని ఒకరికి అప్పగించడం మేలు. బడి బస్సు నడిపేవారు చివరి సీటు దాకా నడచి చూసిన తరువాతనే తలుపు మూయాలి. బిడ్డను వెనుక కూర్చోబెట్టినవారు తమ సంచినో, సెల్‌ఫోనునో కూడా అక్కడే పెట్టుకొంటే మరపుకు తావుండదు.

అయిదారేండ్ల పిల్లలకు రెండు సంగతులు నేర్పాలి: చిక్కుకొంటే ముందు సీటులోకి వచ్చి ఆ తలుపు తీయడం, హారను మ్రోగిస్తూనే ఉండడం. పిల్లల తాళం వెనుక తలుపులకే ఉంటుంది. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా హారను మ్రోగుతుంది.

మూసిన కారులో బిడ్డ కనబడితే యజమాని కొరకు ఎదురుచూడరాదు. బిడ్డకు దూరంగా ఉన్న అద్దాన్ని పగులగొట్టి, బయటికి తీసి, నీడకు చేర్చి, ఒళ్ళంతా చల్లని నీటితో తడుపుతూ విసరాలి. స్పృహ లేని బిడ్డ నోట నీరు పోయరాదు. ఒకరు ఈ పనిలో ఉండగా మరొకరు 108కి ఫోను చేయాలి. అద్దానికి మళ్ళీ అద్దం వస్తుంది.